రాండల్ మన్రో గారికి, బొమ్మ వెనక కథ చెప్పేవాళ్ల తరఫున



కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతాను. మీరు గీసే ఎక్స్‌కేసీడీ బొమ్మలను ఏళ్ల తరబడి మా పిల్లలకు తెలుగులో విడమరిచి చెబుతున్నాను. జోకును వివరిస్తే చచ్చిపోతుందని లోకంలో ఒక మాట ఉంది. మా స్టాఫ్‌రూంలోనూ వినిపిస్తుంది: "అర్థమైనవాడు నవ్వుతాడు, కానివాణ్ని వదిలెయ్యండి మేడం" అని. ఆ మాట తప్పనీ, మీ బొమ్మల విషయంలో మరీ తప్పనీ నలుగురి ముందూ చెప్పాలనే ఈ ఉత్తరాన్ని పత్రికలో రాస్తున్నాను. చివర్లో మీకొక విన్నపం కూడా ఉంది.

మీ గురించి తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పనివ్వండి. మీరు వర్జీనియాలో ఫిజిక్స్ చదివారు. నాసా వారి లాంగ్లీ పరిశోధన కేంద్రంలో రోబోల మీద పనిచేశారు. చదువుకునే రోజుల్లో నోటుపుస్తకాల్లో గీసుకున్న బొమ్మలను స్కాన్ చేసి 2005లో ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి అదే మీ వృత్తయింది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక్కో కొత్త బొమ్మ వస్తుంది. మీ మనుషులకు గుండ్రటి తల, గీతల్లాంటి కాళ్లూ చేతులూ తప్ప ఇంకేమీ ఉండవు. బొమ్మ మీద మౌస్ ఆనించి ఉంచితే మరో వాక్యం పైకి తేలుతుంది. చాలాసార్లు అసలు మెలిక అక్కడే ఉంటుంది.

చిక్కంతా ఆ ముఖాలు లేని మనుషులతోనే. మా బాపు గారి కార్టూన్‌లో కింది మాట అందకపోయినా మూతి విరుపు, నడుం మీద చెయ్యి, జడ విసురు చూసి నవ్వొస్తుంది. మీ బొమ్మలో ఆ ఆసరా లేదు. కళ్లు లేవు, నోరు లేదు, కనుబొమ లేదు. నవ్వు మొత్తం మాట మీద, ఆ మాట వెనకున్న సంగతి మీద నిలబడి ఉంటుంది. సంగతి తెలియనివాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే మీ బొమ్మకు పక్కన కూర్చుని చెప్పే మనిషి కావాలి.

మీ 327వ బొమ్మ తీసుకుంటాను. మా డేటాబేస్ పాఠంలో ఏటా ఇదే మొదటిది. ఒక తల్లి చేతిలో వేడి కప్పు పట్టుకుని ఫోను ఎత్తుతుంది. అవతల కొడుకు చదివే బడివాళ్లు. కంప్యూటర్లతో ఏదో ఇబ్బంది వచ్చిందంటారు. మావాడేమైనా పాడుచేశాడా అని అడుగుతుంది ఆవిడ. ఒకరకంగా అంతే అని వాళ్లు నసిగి, అబ్బాయికి నిజంగానే ఆ పేరు పెట్టారా అని అడుగుతారు. ఆ పేరేమిటంటే: రాబర్ట్, దాని వెంటనే ఒక కొటేషన్ గుర్తు, మూసే బ్రాకెట్, సెమికోలన్, తర్వాత డ్రాప్ టేబుల్ స్టూడెంట్స్, మళ్లీ సెమికోలన్, చివర రెండు అడ్డగీతలు. అవునండీ, ఇంట్లో ముద్దుగా బాబీ టేబుల్స్ అని పిలుచుకుంటాం అంటుంది తల్లి. ఈ ఏడాది విద్యార్థుల రికార్డులన్నీ పోయాయి, మీకు సంతోషమేనా అంటారు వాళ్లు. బయటినుంచి వచ్చేదాన్ని శుభ్రం చేసి లోపలికి తీసుకోవాలని మీరూ నేర్చుకున్నారనుకుంటాను అని ఆవిడ జవాబు.

క్లాసులో ఈ పేరును బోర్డు మీద రాస్తాను, ఒక్కో గుర్తు దగ్గరా ఆగుతూ. ముందు బడివాళ్ల ప్రోగ్రాం రాస్తాను: స్టూడెంట్స్ అనే పట్టికలో ఈ పేరు చేర్చు, బ్రాకెట్ తెరువు, కొటేషన్ పెట్టు, పేరు, కొటేషన్ మూయి, బ్రాకెట్ మూయి. ఇప్పుడు పేరు ఉండాల్సిన ఖాళీలో ఈ పిల్లవాడి పేరు నింపుతాను. రాబర్ట్ తర్వాత వచ్చిన కొటేషన్ గుర్తు చూసి పేరు అక్కడితో అయిపోయిందనుకుంటుంది డేటాబేస్. బ్రాకెట్ మూతపడుతుంది. సెమికోలన్‌తో ఒక ఆజ్ఞ ముగుస్తుంది. ఆ వెంటనే ఉన్నది ఇంకో ఆజ్ఞ: స్టూడెంట్స్ పట్టికను పీకి పారెయ్యి. చివరి రెండు అడ్డగీతలు ఎందుకో పిల్లల్నే అడుగుతాను. వెనక మిగిలిపోయిన కొటేషనూ బ్రాకెట్టూ అడ్డం రాకుండా, ఇక్కడినుంచి ఉన్నదంతా వ్యాఖ్య మాత్రమే, పట్టించుకోవద్దని చెప్పడానికి. ఎవరో ఒకరు ఇది పట్టుకుంటారు. పట్టుకున్న క్షణంలో వెనక బెంచీదాకా నవ్వు పాకుతుంది.

ఆ నవ్వులో సగం అమెరికా సంగతి. రాబర్ట్ అనే పిల్లవాణ్ని అక్కడ ముద్దుగా బాబీ అంటారని తెలియాలి. కంప్యూటర్లు పడిపోయాక కూడా బడివాళ్లు తల్లికి ఫోను చేసి మర్యాదగా ఫిర్యాదు చేసే పద్ధతి తెలియాలి. కప్పు చేతిలోంచి దించకుండా ఆ తల్లి ఇచ్చిన జవాబు చూస్తే, కొడుక్కి పేరు పెట్టిన రోజునుంచీ ఈ ఫోను కోసమే ఎదురుచూస్తోందని తెలుస్తుంది. ఈ చివరి సంగతి నేను చెప్పకముందే మా ఆడపిల్లలు పట్టుకుంటారు.

రెండో సగం మాత్రం మా సొంతం, మన్రో గారూ. పేరు వల్ల కంప్యూటర్ తికమకపడటం మా తెలుగువాళ్లకు బాగా తెలుసు. మాకు ఇంటిపేరు ముందొస్తుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఇక 2018 ఫిబ్రవరిలో మా లిపే ఐఫోన్లను కూల్చింది. జకారం కింద ఞ ఒత్తు ఉండే అక్షరాన్ని, కంటికి కనబడని ఒక కోడ్ గుర్తుతో కలిపి సందేశంలో పంపితే, దాన్ని చూపించబోయిన ఆప్ కుప్పకూలేది. ఆపిల్ వాళ్లు అదే నెలలో సవరణ విడుదల చేశారు. బాబీ పేరు డేటాబేస్‌లో ఆజ్ఞగా మారిపోయింది. మా అక్షరం తెర మీద బొమ్మగా మారేచోట ప్రోగ్రాం తడబడింది. యంత్రాంగాలు వేరు. కానీ రెండుచోట్లా ప్రోగ్రాం రాసినవాళ్ల ఊహకు అందని అక్షరాలు లోపలికొచ్చాయి. ఈ సంగతిని జతచేసి చెప్పినప్పుడు మీ బొమ్మ అమెరికాలోనే ఉంటుంది గానీ, మా పిల్లలు దాన్ని బయటినుంచి చూడరు. 2016లో బ్రిటన్‌లో ఒకరు ఇలాంటి పట్టిక చెరిపే ఆజ్ఞనే పేరుగా పెట్టి కంపెనీ రిజిస్టరు చేయించారని చెబితే, వాళ్ల కళ్లలో మెరుపు చూడాలి.

వివరించకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. మా ల్యాబ్ గోడ మీద ఎవరో మీ శాండ్‌విచ్ బొమ్మ ప్రింటు అంటించారు. ఒకడు ఇంకొకణ్ని శాండ్‌విచ్ చేసిపెట్టమంటాడు. నువ్వే చేసుకో అంటాడు వాడు. సుడో అనే మాట ముందు చేర్చి మళ్లీ అడిగితే, సరేనంటాడు. దాని ముందు నలుగురైదుగురు పిల్లలు నిలబడి నవ్వుతున్నారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఒక అబ్బాయి కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, "మేడం, అందులో నవ్వడానికేముంది?" అని మెల్లగా అడిగాడు. అర్థం కాకుండానే నవ్వాడన్నమాట. నవ్వకపోతే నలుగురిలో వెలితి అని.

వాడికి చెప్పాను. లినక్స్ లాంటి వ్యవస్థల్లో మామూలు వాడుకరి ఇచ్చే ఆజ్ఞకూ సర్వాధికారాలున్నవాడు ఇచ్చే ఆజ్ఞకూ తేడా ఉంటుందని, సుడో ముందు పెడితే ఆ అధికారం అరువొస్తుందని. వాడు తన ల్యాప్‌టాప్ తెరిచి ఒక ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేయబోయాడు. అనుమతి లేదంది. అదే ఆజ్ఞ ముందు సుడో పెట్టి పాస్‌వర్డ్ కొట్టాడు. మారుమాట లేకుండా పని జరిగిపోయింది. వాడు తల తిప్పి గోడ మీద బొమ్మ చూశాడు. ఈసారి వచ్చిన నవ్వు వాడిది. జోకును వివరిస్తే చచ్చిపోతుందనేవాళ్లు ఈ రెండు నవ్వులనూ పక్కపక్కన చూసి ఉండరు.

మా సాహిత్యంలో ఇదేమీ వింత కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. ఒకే పద్యం రామాయణ కథగానూ భారత కథగానూ సాగుతుంది. వ్యాఖ్యానం లేకుండా దాన్ని చదివి ఆనందించగలవాళ్లు ఏ కాలంలోనైనా కొద్దిమందే. పండితుడు పదం విరిచి, ఇక్కడ రాముడు, ఇదే చోట ధర్మరాజు అని చూపించినప్పుడు వినేవాడు "ఆహా" అంటాడు. ఆ ఆహాకారం వ్యాఖ్యానం విన్న తర్వాత వచ్చిందని ఎవరూ తక్కువ చేయలేదు. అవధానంలో సమస్య పూరించాక అందులోని చమత్కారాన్ని సభకు విప్పి చెప్పడమూ ఉంది. చప్పట్లు చాలాసార్లు అప్పుడే మోగుతాయి.

ఇప్పుడు మీ 2347వ బొమ్మ దగ్గరికొస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మావాళ్లకు, హైదరాబాద్‌లో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా, దీన్ని చూపిస్తే చాలు, మీ పేరు తెలియకపోయినా బొమ్మ గుర్తుపడతారు. పెద్దవీ చిన్నవీ దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోపురం. ఆధునిక డిజిటల్ వ్యవస్థ మొత్తం అదేనని రాసి ఉంటుంది. అడుగున ఒక మూల సన్నటి పుల్లలాంటి దిమ్మె ఒకటి పైనున్నదంతా మోస్తూ ఉంటుంది. అది నెబ్రాస్కాలో ఎవరో ఒకాయన 2003 నుంచి ఎవరి మెప్పూ లేకుండా చూసుకుంటున్న ప్రాజెక్టు.

నెబ్రాస్కాయే ఎందుకని మా పిల్లలు అడుగుతారు. అమెరికన్లకు చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ అనగానే వాళ్లకు కాలిఫోర్నియా, సియాటిల్, బోస్టన్ తడతాయి. నెబ్రాస్కా అంటే దేశం నడిబొడ్డున మొక్కజొన్న చేలు, పశువులు, దూరదూరంగా ఊళ్లు. సముద్ర తీరాల్లో ఉండేవాళ్లు విమానంలో దానిమీదుగా వెళ్తారు తప్ప దిగరు. అలాంటిచోట, ఎవరికీ గుర్తు లేని ఒక మనిషి మీద ప్రపంచం ఆనుకుని ఉందన్నదే అందులో ఉన్నది. ఇంత చెప్పాక అబ్బాయిలు నవ్వుతారు, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. ఎందుకంటే తర్వాత నేను చెప్పేది జరిగిన కథ.

మీరు ఈ బొమ్మ గీసింది 2020లో. 2021 డిసెంబరులో లాగ్4జే అనే చిన్న జావా సాధనంలో పెద్ద రంధ్రం బయటపడింది. కోట్లాది యంత్రాల్లో ఉన్న ఆ సాధనాన్ని చూసుకుంటున్నది కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. 2024 మార్చిలో జరిగింది ఇంకా భయపెట్టేది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాధనాన్ని ఏళ్లుగా దాదాపు ఒక్కరే చూసుకుంటూ అలిసిపోయి ఉన్నారు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి పెట్టాడు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన యంత్రంలోకి లాగిన్ కావడానికి మామూలుకన్నా అరసెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వుకుంటూ వెళ్లాడు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా మీ గోపురం బొమ్మే. దాదాపు నాలుగేళ్ల ముందు వేసిన కార్టూన్ వార్తకు శీర్షికలా పనికొచ్చింది.

తెలుగువాళ్లకు దీన్ని చెప్పేటప్పుడు నేను ఇంకొంచెం కలుపుతాను. యూనికోడ్‌లో తెలుగు రాసుకోవడానికి సరైన ఫాంట్లు దొరకని రోజుల్లో పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చింది తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు. కీబోర్డు నేర్చుకోకుండా తెలుగు టైపు చేయడానికి లేఖిని ఇచ్చింది వీవెన్ గారు. తెలుగు బ్లాగులు రాసిన ఒక తరం మొత్తం ఆ రెండు మూడు దిమ్మెల మీద నిలబడింది. వాళ్ల పేర్లు అడిగితే ఎందరు చెప్పగలరు? మీ బొమ్మ చూపించాక మా పిల్లలు ఆ పేర్లు రాసుకున్నారు. ఇది మీరు ఊహించి ఉండరు, మన్రో గారూ. బొమ్మ వెనక కథ చెప్పే అవకాశం ఉండబట్టే అది ఇక్కడిదాకా వచ్చింది.

ఇంతగా మెచ్చుకుంటున్నాను కాబట్టి ఒకమాట నిర్మొహమాటంగా చెప్పాలి. మీ బొమ్మలన్నీ వివరణకు ఇలా నిలబడవు. తొలి ఏళ్లవాటిలో కొన్నిట్లో పేరు ఎత్తడమే జోకు. రిచర్డ్ స్టాల్‌మన్ పడకగదిలోకి నింజాలు చొరబడటం, ఆయన జపాను కత్తులు తీయడం. కోరీ డాక్టరో ఎర్ర కేప్, కళ్లజోడు వేసుకుని బెలూన్‌లో తిరగడం. వీళ్లెవరో చెప్పడానికి పావుగంట పడుతుంది. చెప్పాక పిల్లలు తలూపుతారు, అంతే. వాళ్ల చేతికి కొత్తగా వచ్చిందేమీ లేదు. తెలిసినవాళ్లం మనం అని ఒకరినొకరు చూసుకుని నవ్వుకునే నవ్వది. అలాంటివి నేను క్లాసుకు తీసుకెళ్లను. వివరిస్తే చచ్చిపోయే జోకులు నిజంగానే ఉన్నాయి, అవి ఇవి. బాబీ టేబుల్స్ అలా కాదు. దాన్ని వివరించడమంటే డేటాబేస్ పని చేసే తీరు చెప్పడం, అది నేర్చుకున్నవాడు తర్వాతి జోకుకు నన్ను అడగక్కర్లేదు.

ఈ తేడా మీకూ తెలుసని 2012లో మీరు గీసిన 1053వ బొమ్మ చెబుతుంది. అందరికీ తెలిసిన సంగతి అని మనం అనుకునేదాన్ని పుట్టినప్పుడు ఎవరూ ఎరగరు, ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి దాదాపు అందరూ ఎరుగుతారు. అమెరికాలో ఏటా సుమారు 40 లక్షలమంది పుడతారు. అంటే ఏ సంగతైనా సరే, దాన్ని మొదటిసారి వినేవాళ్లు సగటున రోజుకు 10 వేలమంది ఉంటారని లెక్క కట్టారు. డైట్ కోక్ సీసాలో మెంటోస్ బిళ్లలు వేస్తే ఏమవుతుందో తెలియదని ఒకమ్మాయి అంటే, ఇదీ తెలియదా అని వెక్కిరించకుండా, పద కొట్టుకెళ్దాం అంటాడు పక్కనున్నవాడు. ఈ రోజు పదివేలమంది అదృష్టవంతుల్లో నువ్వొకదానివి అని.

మా దేశంలో ఏటా రెండు కోట్లమందికి పైగా పుడతారు. మీ లెక్కే వేస్తే, ఏ సంగతినైనా ఇక్కడ రోజూ 50 వేలమందికి పైనే మొదటిసారి వింటారు. ఈ లెక్క క్లాసులో వేయించాను. వేయించి, గోడ దగ్గర తెలియక నవ్విన అబ్బాయిని, వాడి పేరెత్తకుండా, తలుచుకున్నాను. మీరు గీసింది కోక్ సీసా గురించే అయినా, మా చదువుల్లో దానికి తగిలే చోటు లోతైనది. ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చినవాళ్లు, హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు, బాబాయో అత్తయ్యో అమెరికాలో ఉన్నవాళ్లు ఒకవైపు నవ్వుతారు. తెలియనివాళ్లు తెలిసినట్టు నటిస్తారు. ఇదీ తెలియదా అనే ప్రశ్న ఇక్కడ పిల్లవాణ్ని నాలుగేళ్లపాటు నోరు మూయించగలదు. అందుకే బొమ్మ వెనక కథ చెప్పడాన్ని నేను పాఠంలో భాగంగానే లెక్కపెడతాను.

వివరణ ఒక్కరి పని కానక్కర్లేదని మీ 'కాలం' అనే బొమ్మతో చూశాం. 2013 మార్చిలో సముద్రపుటొడ్డున ఇద్దరు కూర్చున్న ఒక్క దృశ్యంతో మొదలైంది. మొదట అరగంటకొకటి, తర్వాత గంటకొకటి చొప్పున దృశ్యం మారుతూ, జులైలో ముగిసేసరికి మొత్తం 3,099 అయ్యాయి. వాళ్లు ఇసుక కోట కట్టుకుంటారు, నీళ్లెందుకు పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి నడక మొదలుపెడతారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మీరు చెప్పలేదు. పాఠకులు చెట్లను, జంతువులను పోల్చుకున్నారు. రాత్రి దృశ్యాల్లో నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఇప్పటి ఆకాశం కాదది, వేల ఏళ్ల తర్వాతిది అని తేల్చారు. ఆ కథ సుమారు 11 వేల ఏళ్ల తర్వాతిదని మీరూ చెప్పారు. ఎండిపోయిన మధ్యధరా సముద్రపు గుంట మళ్లీ నిండుతోందని అర్థమైంది. దాదాపు 53 లక్షల ఏళ్ల క్రితం జిబ్రాల్టర్ దగ్గర అట్లాంటిక్ తెంచుకుని వచ్చి ఆ గుంటను నింపిందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పారు, నక్షత్రాలు తెలిసినవాళ్లు ఇంకొకరికి చెప్పారు. 2014లో ఆ బొమ్మకు హ్యూగో పురస్కారం వచ్చింది. మీ తరఫున అందుకున్న కోరీ డాక్టరో మీరు గీసినట్టే ఎర్ర కేప్, కళ్లజోడు వేసుకుని వేదికెక్కారు. పైన నేను తప్పుపట్టిన బొమ్మ ఆ ఒక్క సాయంత్రం కొత్త నవ్వు తెచ్చింది, ఒప్పుకుంటాను.

వివరించకుండా ఊరుకోవలసినవీ ఉన్నాయి. మీ కాబోయే భార్యకు క్యాన్సర్ అని మీరు పాఠకులకు చెప్పారు. తర్వాత 'రెండేళ్లు' అనే బొమ్మ గీశారు. మందు ఎక్కించుకునే కుర్చీలు, ఎదురుచూపులు, మధ్యలో ఇద్దరూ స్క్రాబుల్ ఆడుకోవడం. ఆమె లేని మాట ఒకటి పేరుస్తుంది. అది మాట కాదంటాడు అతను. నాకు క్యాన్సర్ కదా అని ఆమె గారాలు పోతుంది. సరే పో అంటాడు. స్క్రాబుల్ ఎలా ఆడతారో మాత్రం చెబుతాను పిల్లలకు, పలకలు, అక్షరాలు, మార్కులు. ఆపైన ఒక్క ముక్క కలపను. ఇంట్లో ఆ జబ్బు చూసిన పిల్లలు క్లాసులో ఉంటారు.

ఇక విన్నపం. శాటర్న్ 5 రాకెట్‌ను ఇంగ్లీషులో అతి మామూలు వెయ్యి మాటలతోనే వివరిస్తూ 2012లో బొమ్మ గీసినవారు మీరు. అదే పద్ధతిలో 2015లో పెద్ద పుస్తకమే చేశారు. వివరించడం చిన్నతనమని మీరు అనుకోరు. మీ జోకులను మీరే వివరించమని నేను అడగను. ఆ పని మాలాంటివాళ్లకు వదలండి, మాకది ఇష్టం. కానీ మీ మాటలన్నీ బొమ్మలోపల చేతిరాతలో ఉంటాయి. చూపు లేని విద్యార్థి వాడే చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు అవి కనబడవు, మౌస్ ఆనిస్తే వచ్చే వాక్యం తప్ప. ప్రతి బొమ్మ కిందా అందులోని సంభాషణను, బొమ్మలో ఎవరేం చేస్తున్నారో ఆ వివరాన్ని, మామూలు అక్షరాల్లో మీ చేతిమీదుగా ఇవ్వండి. పాఠకులు ఇప్పటికే తమంతట తాము రాసుకుంటున్నారు. మీరిస్తే తప్పులుండవు, మొదటిరోజే ఉంటుంది. తెలుగులోనో మరో భాషలోనో చెప్పాలనుకునే అధ్యాపకుడికి పని సగం తగ్గుతుంది.

రెండోది కృతజ్ఞత. మీ బొమ్మలను వ్యాపారానికి కాకుండా, మీ పేరు చెప్పి, ఎవరైనా వాడుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చారు. అందువల్లే మా నోటీసు బోర్డు మీద అవి దర్జాగా ఉన్నాయి, దొంగతనంగా కాదు. ఈ పత్రికకు వెల ఉంది కాబట్టి ఈ ఉత్తరం పక్కన మీ బొమ్మ ఒక్కటీ వేయలేదు, అన్నీ మాటల్లోనే చెప్పాను. ఆ లైసెన్సును ఎప్పటికీ ఇలాగే ఉంచండి.

వచ్చే వారం గణాంకాల పాఠం. జెల్లీ బిళ్లల వల్ల మొటిమలు వస్తాయా అని ఇరవై రంగులు పరీక్షించి, ఆకుపచ్చ ఒక్కదానికి ఔనని తేలితే పత్రికలు పతాక శీర్షిక పెట్టే మీ 882వ బొమ్మ చెప్పాలి. జెల్లీ బిళ్ల అంటే ఏమిటో మొదట చూపించాలి కదా, కాకినాడ బజారులో ఒక పొట్లం కొనుక్కుని వెళ్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కంప్యూటర్ సైన్సు అధ్యాపకురాలు, కాకినాడ